ఆ ఆదివారం నేను స్టార్ట్ కాలేదు

నేను ఒక స్కూటర్ని. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తలో నీలిరంగులో తళతళలాడేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటంటే తుప్పు అని చెప్పాలి. మొదట ఒక లెక్చరర్ గారు పదేళ్లు నడిపి, నా దగ్గు భరించలేక, మర్రిపాలెంలో లేత్ మిషను మీద పనిచేసే సన్యాసిరావుకి అప్పగించారు. పక్కకి వంచి, బతిమాలి, తిట్టి, ఆపైన కిక్కు కొడితేగాని నేను లేవను. అదంతా నా దర్జా అనుకునేదాన్ని.

సన్యాసిరావుకి ఒక్కతే కూతురు, హిమజ. హైదరాబాదులో నర్సు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు, తనకు మగవాళ్ల మీద మనసు పోదని, జ్యోత్స్న అనే అమ్మాయితో కలిసి బతుకుతున్నానని చెప్పేసింది. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గుడ్డ తీసుకుని వాకిట్లోకి వచ్చి నన్ను గంటసేపు తుడిచాడు. అంత శుభ్రంగా నేనెన్నడూ లేను. ఆ తర్వాత నాలుగు నెలలు కూతురి ఫోను ఎత్తలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన భార్య వరహాలమ్మ, చెల్లెలింటికని చెప్పి నా వెనక సీటెక్కింది. దారిలో ఒక హాలు ముందు ఆపమంది.

"ఇదేటి?" అన్నాడాయన.

"మన పాపలాటి పిల్లల అమ్మానాన్నలు నెలకోపాలి ఇక్కడ కలుస్తారంట. నువ్వు రావద్దులే. నన్ను దింపేసి ఎల్లిపో."

ఆమె వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది. ఆయన కిక్కు కొట్టాడు. నేను కదల్లేదు. కావాలనే మొరాయించి ఒక కుటుంబాన్ని నిలబెట్టానని చెప్పుకోవాలని నాకూ ఉంది. నిజం చెప్పాలంటే, ప్లగ్గులో మసి.

హాల్లోంచి జగన్నాథం మాస్టారనే పెద్దాయన వచ్చి, ప్లగ్గు విప్పి తన జేబురుమాలుతో తుడిచారు.

"మావాడు మగపిల్లాడంటే ఇష్టమన్నాడండీ. ఇంటికి రావద్దన్నాను. ఆరేళ్లయింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే ఎత్తడు. మీ పాప ఎత్తుతుందా?"

సన్యాసిరావు నా హ్యాండిల్ పట్టుకున్నాడు. "అదే రోజూ సేస్తందండి. నేనే ఎత్తట్లేదు."

మాస్టారు ప్లగ్గు బిగించారు. ఈసారి ఒక్క కిక్కుకే లేచాను. సమయం సందర్భం తెలియని బండిని మరి! సన్యాసిరావు నా చప్పుడు కాసేపు విని, ఆపేసి, లోపలికి వెళ్లాడు.

రెండు గంటల తర్వాత ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, నా సీటు మీద కూర్చుని ఫోన్ చేశాడు.

"పాపా, తిన్నావా?"

అటునుంచి ఏడుపు వినబడింది.

"ఆ అమ్మాయి తిందా?" అన్నాడు.

ఇప్పుడు మెకానిక్ షెడ్డు వెనక చక్రాల్లేకుండా కూర్చుని నేను తలుచుకునేది, ఆ పై నెల హిమజా, జ్యోత్స్నా ఇంటికొచ్చిన రోజుని. జ్యోత్స్నతో ఏం మాట్లాడాలో తెలియక, ఆయన అరగంటసేపు నా గేర్ల గురించి వివరించాడు. పాపం, ఆ పిల్ల ఓపిగ్గా వింది. ఇంతలో ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చింది.

"ఈ పిల్లెవరన్నయ్యా?"

హిమజ "ఫ్రెండ్" అనబోయింది. ఆయన గేటు దగ్గరికి నడిచాడు.

"మా హిమజ మనిసమ్మా. ఇద్దరూ ఒకింట్లోనే కాపరముంటారు. మా ఇంటి పిల్లే."

ఆవిడ జ్యోత్స్నని కిందనుంచి పైదాకా చూసింది.

"గేటుకాడెందుకు, లోపలికి రా," అన్నాడు సన్యాసిరావు. "వరహాలూ, ఇంకో గ్లాసు టీ పెట్టు."