తలుపులమ్మ పలికిన మాట

బ్రెస్ట్ కేన్సర్, బ్రెస్ట్ లంప్, బ్రెస్ట్ మిల్క్, బ్రెస్ట్ స్క్రీనింగ్, ఇంగ్లీషులో ఎంత తేలిగ్గా జత కుదురుతాయో ఈ మాటలు, పక్కన ఇంకోటి ఉంటే చాలు అసలు మాట దాని చాటుకు వెళ్ళిపోతుంది అనుకుంది దివ్య, తుమ్మపాల పంచాయతీ ఆఫీసు వరండాలో ఇంగ్లీషు కరపత్రం పట్టుకుని నిలబడి, ఎదురుగా చాపల మీద నలభై మంది ఆడవాళ్ళు, అనకాపల్లి కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడమ్ గారు దీన్ని తెలుగులో వినిపిస్తారని కేన్సర్ పరీక్షల శిబిరానికొచ్చిన డాక్టరమ్మ అనేసింది, క్లాసులో ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో బోర్డు నిండా రాస్తుంది తను, హెవీ రెయిన్, స్ట్రాంగ్ టీ, ఈ మాట వస్తే మాత్రం వెనక బెంచీ నవ్వకముందే పేజీ తిప్పేస్తుంది, ఇక్కడ తిప్పడానికి రెండో పేజీ లేదు, ఛాతీ భాగంలో ఏదైనా తేడా కనిపిస్తే అని చదివింది, ముందు వరసలో ఒకామె పక్కామెను ఏ బాగమే అని అడిగింది, దివ్య అదే వాక్యం మళ్ళీ చదివింది.

అప్పుడు లేచింది తలుపులమ్మ, ఆ ఊరి ఆశా వర్కరు, దివ్య పక్కకొచ్చి, రొమ్ము అనండి మేడమ్ గారూ, బిడ్డకి పాలిచ్చీదాన్ని పేరెట్టి పిలవడానికేటి సిగ్గు అంది, ఆడవాళ్ళ వైపు తిరిగి, నా ఎడమ రొమ్ములో గడ్డొచ్చింది, సెనగ్గింజంత, ఆరు నెలలు ఎవలికీ సెప్పకుండా దాసేను, ఆకరికి మొత్తం తీసీసేరు అంటూ చదునుగా ఉన్న ఆ వైపు అరచెయ్యి ఆనించింది, ఎవరూ నవ్వలేదు, ఎంత మామూలుగా చెప్పింది, పొలంలో ఏం వేశారో చెప్పినట్టు, పదకొండేళ్ళ పాఠాల్లో తను ఒక్క మాటనైనా ఇంత సూటిగా పలికిందా, మూడు వారాల కిందట స్నానం చేస్తుంటే వేలికి తగిలింది తనకీ, ఫోన్‌లో ఇంగ్లీషులో వెతికింది, చదివింది, చెరిపేసింది, అలా ఉన్నావేంటని భర్త దేవీప్రసాద్ అడిగితే పేపర్లు దిద్దాలంది.

ఆడవాళ్ళు పరీక్షకు వరస కట్టారు, తలుపులమ్మ మెట్టు మీద కూర్చుని గ్లాసుతో మంచినీళ్ళు తాగుతోంది, దివ్య పక్కనే కూర్చుని మీకు సిగ్గనిపించలేదా అని అడిగింది, ఎందుకనిపించదు తల్లీ, సెప్పిన ప్రతిసారీ కాళ్ళొణుకుతాయి, ఆ ఆర్నెల్లలో నాకొక్కరైనా ఇలా సెప్పుంటే పెందలాడే ఎల్దును గదా అంది తలుపులమ్మ, నాకూ ఉంది, కుడి రొమ్ములో గడ్డ, అంది దివ్య, తన నోటి నుంచి తెలుగులో మొదటిసారి విన్న ఆ మాట పరాయిదిగా లేదు, తలుపులమ్మ అయ్యయ్యో అనలేదు, గ్లాసు కింద పెట్టి, రా, డాక్టరమ్మ కాడికెల్దాం, నేనుంటాను అని చెయ్యి పట్టుకుంది, వరస వైపు నడుస్తుంటే తెలిసింది దివ్యకు, సిగ్గూ భయమూ ఈమెకూ తనకున్నంత ఉన్నాయి, చెప్పడానికి అవి పోయేదాకా ఈమె ఆగలేదు, అంతే.