చంద్రవ్వ అరుగు మీది నవల

కోరుట్లలో మధ్యాహ్నం అన్నాలు తినగానే వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు పట్టుకొని చంద్రవ్వ అరుగు మీదికి చేరేవారు. తడిపిన ఆకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, బీడీ చుట్టి, దారం కట్టడం. పొద్దు గూకే దాకా అదే పని. దానికి చేతులూ కళ్ళూ కావాలి గాని చెవులు ఖాళీయే. అందుకని ఆ అరుగు మీద ఒక కట్టుబాటు ఉండేది. పదో తరగతి పాసైన చంద్రవ్వ కోడలు సరోజన తన చాట పక్కన పెట్టి పుస్తకం చదవాలి. వినేవాళ్ళు తాము చుట్టిన బీడీల్లోంచి తలా కొన్ని ఆమె చాటలో వేయాలి. చదివే నోటికి కూలి పడొద్దూ? సాయంత్రానికి అందరికంటే సరోజన చాటే నిండుగా ఉండేది. "నా కోడలు ఆకు ముట్టకుంటెనే నాకు లాభం" అని చంద్రవ్వ పకపకా నవ్వేది.

ఆ ఏడు సరోజన తమ్ముడు జగిత్యాల నుంచి ఒక నవల తెచ్చిచ్చాడు. దాని అట్ట ఎర్రగా ఉంది. ఎర్రగా కనిపించిన ప్రతిదీ పోలీసులకు అనుమానమే అయిన రోజులవి. సరోజన పాత క్యాలెండరులోంచి వేములవాడ రాజన్న దేవుడి బొమ్మ చింపి దానికి అట్టగా వేసింది. దాంతో భయం వదిలింది, కొంచెం భక్తి కూడా కలిగింది.

ఆ నవల రాసింది సిరిసిల్లలో పంతులమ్మగా పనిచేసే సుమిత్ర. తల్లి చనిపోయి పెద్దనాయన ఇంట్లో పడిన నీలమ్మ అనే పిల్ల కథ. దెబ్బలు, వాతలు, పస్తులు. చదువుతూ చదువుతూ సరోజనే ఆగి కొంగుతో ముక్కు తుడుచుకునేది. ఎదురింటి సాయవ్వ కళ్ళు తుడుచుకోబోయి తంబాకు చేతులు కళ్ళకు రాసుకుని, నీలమ్మ కోసం ఏడుస్తోందో మంటకు ఏడుస్తోందో తెలియకుండా ఏడ్చేది. చంద్రవ్వయితే నీలమ్మ పెద్దనాయనను "నీ చేతులు ఇరగ!" అని అరుగు అదిరేటట్టు తిట్టేది. ఆమె పెనిమిటి సమ్మయ్య తాటిచెట్టు దిగి వచ్చి, అటు తిరిగి కత్తి నూరుకుంటూ, తనకు ఈ ఆడవాళ్ళ కథలు పట్టనట్టే కూర్చునేవాడు. పుస్తకం మూయగానే మాత్రం, "ఇంతకు గా పిల్ల అన్నం తిన్నదా?" అని అడిగేవాడు.

నలుగురు కూడితే మీటింగే అనుకునే కాలం కదా, ఒకనాడు పోలీసు జమాను సామేలు సైకిలు దిగి లాఠీ ఊపుతూ వచ్చాడు.

"ఏందవ్వా, ఏం మీటింగ్ నడుస్తున్నది?"

"నువ్వే కూసోని ఇను సారూ. ఇన్నంక గా నీలమ్మ పెద్దనాయన మీద కేసు రాసుకో" అంది చంద్రవ్వ.

సామేలు కూర్చోలేదు గాని పోనూ లేదు. మర్నాడు అదే వేళకు సైకిలు గంట మోగింది. "నీలమ్మకు జరం తగ్గిందా?" అని ఆయనే అడిగాడు.

ఇంత సందడిలో ఇంకో చప్పుడు కూడా ఉండేది. పక్కిల్లు టేకేదారు దేవయ్యది. వీళ్ళందరికీ ఆకు, తంబాకు ఇచ్చేది అతడే. చుట్టిన బీడీలు చూసి పాస్ చేసేదీ, బాగాలేవని తీసి పారేసేదీ అతడే. మనిషి మెత్తగా మాట్లాడతాడు. అతని ఇంట్లో జమున అని మేనకోడలు ఉండేది. తొమ్మిదేళ్ళుంటాయేమో. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చింది. తల్లి లేదు, తండ్రి బతుకుదెరువుకు బొంబాయి పోయాడు. మధ్యాహ్నాలు ఆ గోడ అవతల బెల్టు చప్పుడు, ఆ వెంటనే పిల్ల ఏడుపు వినిపించేవి. అప్పుడు అరుగు మీద ఎవరూ ఎవరి మొహం చూసుకునేవారు కాదు. టేకేదారుతో ఎవరికి పని లేదు గనుక? చంద్రవ్వే ముందుగా తేరుకునేది.

"గొంతు జర పెద్దగ చెయ్యే సరోజనా, ఏం ఇనవడ్తలేదు."

సరోజన గొంతు పెంచేది. నీలమ్మ కోసం అందరూ మళ్ళీ ఏడ్చేవారు.

నవల అయిపోయింది. చివరి పేజీలో నీలమ్మ ఇంట్లోంచి పారిపోయి వేములవాడ బస్టాండులో ఒంటరిగా నిలబడుతుంది. అంతే. ఆ తరువాత ఏమైందో రాయలేదు. అరుగు మీద పెద్ద గొడవే లేచింది.

"ఆడివిల్లను బస్టాండ్ల ఇడిసిపెట్టి పుస్తకం మూసుడేంది? నేను సిరిసిల్ల పోయి అడుగుత" అంది చంద్రవ్వ.

"అది కల్పించి రాసింది అత్తమ్మా, నిజం కాదు" అంది సరోజన.

"అబద్ధమైతే మరి నాకు ఏడుపెందుకచ్చింది?"

మరుసటి ఆదివారం అత్తాకోడళ్ళు, సాయవ్వ బస్సెక్కారు. సంచిలో గారెలు, నీలమ్మ లంగాకని పూల బట్ట. వేములవాడలో బస్సు ఆగగానే సాయవ్వ ఆగలేక దిగింది. బెంచీ మీద కూర్చున్న ఒక పిల్లను "నీ పేరు నీలమ్మనా బిడ్డా?" అని అడిగింది. దర్శనానికి వచ్చిన ఆ పిల్ల తల్లి కయ్యిమని లేచేసరికి, పరుగున వచ్చి బస్సెక్కింది.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య సుమిత్ర ఇల్లు దొరికింది. నెరుస్తున్న జుట్టు, నవ్వు మొహం. ముగ్గురికీ చాయ్ పోసి, వచ్చిన పని అడిగింది.

"నీలమ్మను మాకియ్యి తల్లీ. మేం సాదుకుంటం. లంగకు బట్ట గూడ తెచ్చినం" అంది చంద్రవ్వ.

సుమిత్ర ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "ఏడ్చినమని చానామంది ఉత్తరాలు రాసిండ్రవ్వా. ఆ పిల్లను తోల్కపోతమని ఇల్లు దేవులాడుకుంట అచ్చింది మీరే. నీలమ్మ ఏడికీ పోలేదు. ఇప్పుడు మీకు చాయ్ పోసింది నీలమ్మనే."

సాయవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. చంద్రవ్వే అడిగింది.

"మరి గప్పుడు మీ వాడకట్టోళ్ళు ఏం చేసిండ్రమ్మా? అందరు సచ్చిండ్రా?"

"లేదవ్వా, మంచోళ్ళే. నా ఏడుపు ఇనేటోళ్ళు, పాపం అనుకునేటోళ్ళు. మరీ గట్టిగ ఏడిస్తె రేడియో జర పెద్దగ పెట్టుకునేటోళ్ళు."

చంద్రవ్వ తాగని చాయ్ కింద పెట్టి లేచింది. మళ్ళీ బస్సెక్కగానే కోడలి వైపు తిరిగింది.

"సరోజనా, జమున ఏడ్చినప్పుడల్ల నేనేమన్న?"

సరోజన తల దించుకుంది. "గొంతు పెంచమన్నవ్ అత్తమ్మా."

చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పుస్తకం విని ఏడ్చిన ఏడుపు కాదది.

"అన్నల చెవున ఏద్దామా?" అంది సాయవ్వ మెల్లగా. ఊళ్ళో ఏం జరిగినా అయితే అడవిలోని అన్నలు తేల్చాలి, లేకుంటే పోలీసులు తేల్చాలి అని జనం చేతులు కట్టుకొని కూర్చోవడానికి అలవాటు పడ్డారు. సరోజన మాత్రం సామేలు సారుకు చెబుదామంది.

"సారుకు చెప్దాం. కని ఏడుపు ఇన్నది మన చెవులు. ముందుగాల మనమే పోవాలె" అంది చంద్రవ్వ.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఆమె దేవయ్య గడప ముందు నిలబడింది. నీలమ్మ సంగతి తెలుసుకుందామని కాచుకున్న వాడకట్టంతా చాటలతో సహా వెనకాలే వచ్చింది.

"దేవయ్యా, జమునను పిలువు. లంగకు బట్ట తెచ్చిన."

జమున వచ్చింది. బట్ట కొలుద్దామని చేయి పట్టుకుంటే మోచేతి మీద బెల్టు వాతలు. చంద్రవ్వ ఆ చేయి దేవయ్య ముందుకు చాపింది.

"గిది నువ్వు కొట్టిందేనా?"

"మా ఇంటి ముచ్చట, నీకెందుకు?"

"ఇన్ని దినాలు నేను గూడ గట్లనే అనుకున్న. తప్పయింది. ఇయ్యాలటి సంది గీ పిల్ల మా ఇంట్ల ఉంటది."

దేవయ్య మెత్తదనం ఎగిరిపోయింది. "రేపటి సంది నీ బీడీ ఒక్కటి పాస్ కాదు!"

ఇన్నాళ్ళూ అందరి నోళ్ళు కట్టేసిన మాట అదే. చంద్రవ్వ ఒక్క క్షణం తడబడింది. అప్పుడు సాయవ్వ ఎదురింట్లోంచి తన చాట తెచ్చి అతని గడప మీద బోర్లించింది. "నాయి గూడ పాస్ చెయ్యకు." ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన మరొకామె. గడప నిండా చాటలు పేరుకున్నాయి. "కంపెనీకి ఇగ నువ్వే సుట్టి పంపు" అని వెనక నుంచి ఎవరో అంటే అంతా నవ్వారు.

ఇంతలో సైకిలు గంట మోగింది. "ఏందవ్వా, నీలమ్మ దొరికిందా?" అంటూ సామేలు దిగాడు.

"దొరికింది సారూ. మా పక్కింట్లనే ఉన్నది" అని చంద్రవ్వ జమునను ముందుకు నడిపింది.

సామేలు ఆ చేయి చూశాడు. సైకిలును గోడకు ఆనించాడు. "దేవయ్యా, జర ఠాణా దాకా నడు" అన్నాడు.

కబురు అందుకుని జమున తండ్రి బొంబాయి నుంచి వచ్చాడు. తాను బొంబాయి నుంచి పూర్తిగా తిరిగి వచ్చేదాకా ఉంచుకోమని కూతుర్ని చంద్రవ్వ చేతుల్లోనే పెట్టాడు. జమున పూల లంగా కట్టుకొని బడికి పోతోంది. ఆకూ తంబాకూ ఆమెను ముట్టనివ్వరు. సమ్మయ్య చెట్టు దిగి రాగానే "గా పిల్ల అన్నం తిన్నదా?" అని ఇప్పటికీ అడుగుతాడు. జవాబుగా జమునే ఎంగిలి చేయి ఎత్తి చూపిస్తుంది.

చుట్టేవాళ్ళు లేకుంటే తన టేకా పోతుందని దేవయ్య ఆకూ తంబాకూ మళ్ళీ అందరికీ ఇచ్చాడు. అరుగు మీద ఇంకో నవల మొదలైంది. ఒక మధ్యాహ్నం వాడ చివర ఏదో ఇంట్లో పసిపిల్ల కెవ్వుమంది. ఎవరూ చెప్పకుండానే సరోజన పుస్తకం మూసింది. చాటలు దిగాయి, అందరూ పరుగెత్తారు. తీరా చూస్తే ఒక తల్లి కొడుకుకు తలంటుతోంది, వాడి కళ్ళలో సబ్బు పడింది. నవ్వుకుంటూ వెనక్కు వచ్చారు.

"ఉట్టిగనే ఉరికితిమి" అంది సాయవ్వ ఆయాసపడుతూ.

"ఉట్టిగ ఉరికినా నష్టం లేదు. ఉరకకుంటెనే నష్టం" అంది చంద్రవ్వ చాట ఒళ్ళోకి లాక్కుంటూ.

పాఠక మహాశయులారా! పుస్తకంలోని బిడ్డ కోసం మనం కార్చే కన్నీరు మంచిదే. కాని గోడ అవతల ఏడ్చే బిడ్డకు కావలసింది మన కన్నీరు కాదు, లేచి వెళ్ళి ఆ తలుపు తట్టే మన చేయి.