బదిలీకి ఒప్పుకోని ఇల్లు

ఆ వారాంతంలోగా అవ్వాల్సిన పనులు ఇవి. అక్కకు ఫోటో తీయించాలి, వంటింట్లోంచి ఎవరో పిలిచినట్టు పక్కకి చూడని ఫోటో. అటక మీది పెట్టెలోంచి ఆమె సర్టిఫికెట్లు దింపాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్న మనిషికి దరఖాస్తులో "అనుభవం" అన్న గడిలో ఏం నింపాలో ఆలోచించాలి. దరఖాస్తుతో పాటు పంపే ఉత్తరం రాయాలి. బావ చెవిన వేయాలి. బావ వాళ్ళమ్మగారి చెవిన వేయాలి. చివరి రెండిట్లో మొదటిది అక్క నాకు అప్పగించింది. రెండోది బావ నాకు అప్పగించాడు.

మా రెండు కుటుంబాల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. అందుకని కాగితం మీద ఉండేదేదైనా నా శాఖ కిందికే వస్తుంది. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చినా, మందు సీసా మీద అక్షరాలు మరీ చిన్నగా ఉన్నా నాకే కబురొస్తుంది. అక్క వాళ్ళ అత్తగారు నన్ను "డిగ్రీ" అనే పిలుస్తారు. ఆ పిలుపులో మెప్పు పాలెంతో, ఎత్తిపొడుపు పాలెంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉద్యోగం నీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో. ఫిల్టర్ పాడైందని మండిపడుతూ ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడి, మెకానిక్ వచ్చేదాకా వాళ్ళను చల్లబరచాలి. వయసు పట్టింపు లేదనీ, అనుభవం లేకపోయినా "బదిలీ చేయదగిన నైపుణ్యాలు" ఉంటే చాలనీ ప్రకటనలో ఉంది. అక్క దాన్ని నా చేతిలో పెట్టి, "పొద్దున్నే చెప్పులేసుకుని నేనూ బయటికి పోవాలిరా. సాయంత్రం ఇంటికొచ్చి, అలిసిపోయానబ్బా అని నేనూ అనాలి" అంది. అక్క నన్ను తనకోసం ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

శ్రద్ధగా రాశాను. ఒకచోట అబ్బిన పనితనం ఇంకోచోట అక్కరకొస్తే దాన్నే బదిలీ చేయదగిన నైపుణ్యం అంటారని, కాలేజీకి ఉద్యోగాల గురించి చెప్పడానికి వచ్చినాయన ఒక పూటంతా బోధించాడు. ఆ లెక్కన చూస్తే అక్క చేసే ప్రతి పనికీ ఒక పెద్ద పేరు దొరికింది. పిల్లల్ని బడికి తయారు చేయడం గడువులోగా పని ముగించడమైంది. కుళాయి రాని రోజు వంట పరిమిత వనరుల నిర్వహణ అయింది. నాకు బాగా నచ్చిన వాక్యం మాత్రం ఇది: "ఎంత చేసినా తృప్తి పడని ఖాతాదారులను ఏళ్ళ తరబడి ఎదురు మాట లేకుండా సంబాళించిన అనుభవం నాకుంది."

అక్క ఉత్తరం రెండుసార్లు చదివింది.

"ఇది నేనేనట్రా?"

"నువ్వేనక్కా."

"అయితే ఈవిడకి జీతం కాస్త గట్టిగానే అడుగు."

భోజనాలయ్యాక అందరి ముందూ చదివాను. ఖాతాదారుల దగ్గరికి రాగానే అత్తగారు చెయ్యి ఎత్తి ఆపారు. మనింటికి అంత తృప్తి లేనివాళ్ళు ఎవరొస్తున్నారని అడిగారు. బావ తల పైకెత్తి ఫ్యాను ఎలా తిరుగుతోందో పరిశీలించసాగాడు. ఇరుగుపొరుగువాళ్ళని చెప్పాను. "ఇరుగుపొరుగుకైతే మీ అక్క బాగానే ఎదురు చెబుతుందే, నా చెవులతో విన్నాను" అన్నారావిడ.

అసలు గొడవ ఆ తర్వాతి వాక్యంతో వచ్చింది. అందులో బదిలీ అన్న మాట ఉంది. ఆ ఇంట్లో అది తిట్టు కిందే లెక్క. అక్క మావగారు ఇప్పుడు లేరు; ఆయనది ఊళ్ళు తిప్పే ఉద్యోగం. బదిలీ అయిన ప్రతిసారీ లారీలో ఒక అద్దం పగిలేదట. బావ బడి మారిన ప్రతిసారీ పాత బళ్ళో తొమ్మిదో ఎక్కం ఇంకా మొదలుకాకపోవడం, కొత్త బళ్ళో అప్పటికే అయిపోవడం జరిగింది. బావకు ఇప్పటికీ తొమ్మిదో ఎక్కం రాదు.

"ఉద్యోగమే రాలేదు, అప్పుడే బదిలీ ఏంటి?" అన్నాడు బావ.

బదిలీ అయ్యేది మనిషి కాదు, నైపుణ్యమని ఓపిగ్గా వివరించాను.

"మనిషి లేకుండా నైపుణ్యం ఒక్కటే లారీ ఎక్కుతుందా, డిగ్రీ?" అన్నారు అత్తగారు.

నేను దరఖాస్తు తిరగేశాను. అదృష్టం కొద్దీ దరఖాస్తులో ఇంకో గడి మిగిలింది: ఇంతవరకు మీ పనిని పర్యవేక్షించిన అధికారి ఎవరు, వారి ఫోన్ నంబరు ఎంత. అక్కకు అలాంటి అధికారి ఒక్కరే. అధికారి అన్న మాట చెవిన పడగానే అత్తగారి ముఖం విప్పారింది. కళ్ళజోడు సవరించుకుని, ఇంటి ఫోన్ నంబరు తప్పుల్లేకుండా రాయమన్నారు.

ఆ తర్వాతి వారం కంపెనీ మేనేజరు ఫోన్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అత్తగారికి ఫోన్ చెవికి ఆనించుకునే అలవాటు లేదు. స్పీకరు పెట్టారు. కోడలు పని ఎలా చేస్తుందని ఆయన అడిగాడు.

"చెప్పిన పని చేస్తుంది. చెప్పని పనీ చేస్తుంది. ఒంట్లో బాగోలేకపోయినా మానదు. చెబితే వినదు కదా."

వంటింటి గుమ్మంలో అక్క తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. తన గురించి ఆవిడ నోట అన్ని మంచి మాటలు ఒకేసారి వినడం ఆమెకూ కొత్తే.

అప్పుడాయన, ఆమె నైపుణ్యాలు తమ కంపెనీకి బదిలీ అవుతాయంటారా అని అడిగాడు. నేను రెండు చేతులూ ఊపాను. ఆవిడ నన్ను చూడలేదు.

"బదిలీకి మాత్రం మేం ఒప్పుకోం బాబూ. మా కోడలు ఇల్లు వదిలి కదలదు."

అది ఆ బదిలీ కాదని ఆయన చెప్పబోయాడు. తను మాట్లాడుతున్నప్పుడు అడ్డు రావద్దన్నారావిడ. లారీలు, అద్దాలు, తొమ్మిదో ఎక్కం, వరసగా అన్నీ చెప్పారు. ఆయన మధ్యమధ్యలో "నిజమేనమ్మా" అన్నాడు. చివరికి తన కంపెనీ ఎన్నడూ చేయని తప్పుకి క్షమాపణ చెప్పి పెట్టేశాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ వచ్చింది. ఇంట్లోవాళ్ళు కదలనివ్వని మనిషిని ఎలా తీసుకుంటామన్నాడు మేనేజరు. అయితే ఆ రోజు మాట్లాడిన పెద్దావిడ వస్తానంటే ఆ సీటు ఆవిడదేనన్నాడు. తను ఇన్నేళ్ళుగా ఫిర్యాదులు వింటున్నా, ఫోన్ చేసినవాడి చేతే క్షమాపణ చెప్పించే మనిషిని ఇంతవరకు చూడలేదట.

అత్తగారు స్పీకరు దగ్గరికి వంగి, "బదిలీలుండవుగా?" అన్నారు.

"ఉండవమ్మా."

"అయితే వస్తాను."

బావ ఉత్తరం అదిరిందని నా భుజం తట్టాడు. అత్తగారు ఉద్యోగంలో చేరే రోజు పొద్దున అక్క ఆవిడకి క్యారియర్ సర్ది, చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, తలుపు వేసి నా వైపు తిరిగింది.

"ఉత్తరం బాగానే రాశావురా. మనిషే మారిపోయింది."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

అత్తగారు కంపెనీలో బాగా రాణిస్తున్నారు. ఫిర్యాదులు సగానికి పడిపోయాయట. ఫిల్టర్లు బాగుపడ్డాయని మాత్రం ఎవరూ అనడం లేదు. నేను ఉత్తరం మళ్ళీ రాశాను. ఈసారి పెద్ద పేర్లేవీ పెట్టలేదు. అక్క ఏం చేస్తుందో అదే రాశాను. ఇది చదివే మీలో ఎవరి ఆఫీసులోనైనా ఒక ఖాళీ పడితే ఇంటికే ఫోన్ చేయండి. పగలు చేయండి, ఇప్పుడు పగలు ఫోన్ ఎత్తేది ఆమే. ఇప్పటికిప్పుడు ఖాళీలు లేకపోయినా ఫర్వాలేదు, మా అక్కను మాత్రం గుర్తుంచుకోండి.