లిఫ్టులో రెండు ‘ఆపు’లు

ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. చదువు ఎనిమిదితోనే అటకెక్కింది కాబట్టి ఆఫీసులో చల్లగా కూర్చునేవాళ్ళు ఏం చెబితే దానికి తలూపడమే నా పని. ఆ చల్లగా కూర్చునేవాళ్ళలో మా మరదలు కూడా ఉంది. లిఫ్టును నడిపే ప్రోగ్రాం రాస్తుంది.

ఆ రోజు ఏడంతస్తుల గిడ్డంగిలో పని. మనుషులకూ సామాన్లకూ కలిపి పెట్టిన కొత్తరకం లిఫ్టు. తాడు గీసుకుంటున్న చప్పుడు వస్తోందని పిలిచారు. లిఫ్టు నెత్తి నాలుగో అంతస్తు గడపకు సమంగా వచ్చేలా ఆపి, దానిమీద ఎక్కి, తలుపు మూసుకున్నాను. అక్కడి మీటను ‘ఆపు’ వైపు తిప్పాను. పచ్చదీపం వెలిగింది. అది వెలిగితే ఎవరు ఏ బటన్ నొక్కినా లిఫ్టు కదలకూడదు.

కదిలింది.

మోకాళ్ళమీద కూలబడ్డాను. అయిదో అంతస్తులో ఆగింది. నా కింద ఎవరో పెట్టెలు తోస్తున్నారు. అరిచాను, ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మీట పక్కనే ఉన్న ఎర్రబటన్ మీద గుద్దాను. పూర్వం ఆ బటన్ మోటారుకు కరెంటే కోసేది. ఇప్పుడది కూడా వెళ్ళి కంప్యూటర్నే అడుగుతుంది. నాలుగు మీటర్ల తీగ మిగిల్చినందుకు ఎవడో శభాష్ అనిపించుకునే ఉంటాడు.

పెట్టెలు తోసినవాడు బయటికెళ్ళి పైకి కేకేశాడు, “ఏడుకి లాక్కోండి” అని. “ఒక్క నిమిషం ఆగు” అని పైనుంచి జవాబొచ్చింది.

ఏడుకి చేరితే నా కింది రేకుకూ పై దూలానికీ మధ్య మిగిలేది జానెడు. ఆరో అంతస్తు తలుపు గొళ్ళెం చేతికందనంత ఎత్తులో ఉంది. మరదలికి ఫోన్ చేశాను.

“ఏంటి బావా, ఇవాళ దేన్ని విరగ్గొట్టావు?” అంది.

చెప్పాను. నవ్వు ఆగిపోయింది. అవతల ఆమె కంప్యూటర్ కీలు టకటకలాడాయి. నేను తాడునే చూస్తున్నాను.

“మనుషుల లిఫ్టు ప్రోగ్రాం ఒకటి, సామాన్లది ఒకటి ఉన్నాయి బావా. ఈ కొత్తదాన్ని ఆ రెండింటికీ పుట్టిన బిడ్డలా రాశాను. ‘ఆపు’ అని గుర్తుపెట్టుకునే గడి ఇద్దరి దగ్గరా ఉంది. పేరొకటే కదా, కలిసిపోతాయనుకున్నా. బిడ్డలో రెండూ విడివిడిగానే ఉన్నాయి.”

“నేను తిప్పింది?”

“మనుషులది. దీపం దాన్నే చూస్తుంది. సామాన్ల పిలుపొస్తే మోటారు రెండోదాన్ని చూస్తుంది.”

రెండోదాన్ని తిప్పే తాళంచెవి లిఫ్టు లోపల, నెత్తి మూతకు కాస్త కిందుగా ఉందట. ఫోన్ నోట కరుచుకుని మూత ఎత్తాను. పొట్టమీద పడుకుని భుజందాకా చెయ్యి దూర్చాను. వేళ్ళకు గోడే తగులుతోంది. కుడివైపు, ఇంకా కిందికి అని ఆమె గొంతు నా పళ్ళ మధ్య వణుకుతోంది.

తాడు బిగిసింది. లిఫ్టు లేచింది. ఆరో అంతస్తు తలుపు పక్కనుంచి దిగిపోయింది. వీపుమీదికి దూలం నీడ వచ్చింది. తాళంచెవి దొరికింది, చెమటకు జారింది. మళ్ళీ దొరికింది. తిప్పాను.

తల ఎత్తబోతే దూలం తగిలింది. నన్ను దించేదాకా అలాగే బోర్లా పడుకుని ఉన్నాను.

మూడోరోజు మరదలు ఫోన్ చేసింది. రెండు గళ్ళనూ తీసేసి ఇద్దరికీ ఒకటే పెట్టిందట, వందసార్లు పరీక్షించిందట. మీదెక్కి చూడమంది. నువ్వూ రా అన్నాను.

వచ్చింది. అప్పటికే ఎర్రబటన్ నుంచి మోటారు దాకా నా సొంత తీగ లాగేశాను. ఎవర్నీ అడగలేదు. నాలుగో అంతస్తులో ఇద్దరం ఎక్కాం. ఆమెకు ఆ చోటు కొత్త, కిందికి చూడలేకపోయింది. మీట ఆమెతోనే తిప్పించాను. దీపం వెలిగింది. ఏడులో మనిషిని సామాన్ల బటన్ నొక్కమని కేకేశాను.

తాడు కదల్లేదు. మళ్ళీ నొక్కించాను. కదల్లేదు.

“చాలా బావా?” అంది. నా చొక్కా చెయ్యి వదల్లేదు.

“ఇంకోసారి,” అన్నాను. నా బొటనవేలు ఎర్రబటన్ మీదే ఉంది.