పోతూ పోతూ ఇచ్చిన మాఫీ

రియాద్ పక్కన సులై క్యాంపులో ప్రెసిడెంట్ అంటే మొండయ్యే. ఆ పదవికి జీతం లేదు, కుర్చీ లేదు, కంపెనీ కాగితాల్లో ఆ మాటే లేదు. అయినా జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మనుషులందరికీ ఆయన చెప్పిందే చట్టం. ఎవరు ఏ గదిలో పడుకోవాలి, మెస్‌లో వంట వంతు ఎవరిది, ఇద్దరు కొట్టుకుంటే తప్పెవరిది, అన్నీ ఆయనే తేల్చేవాడు. ఏడాదికోసారి ఒక శుక్రవారం భోజనాలయ్యాక చేతులెత్తి ఎన్నుకునేవారు. చెయ్యి ఎత్తనివాడికి మరుసటి వారం నుంచి కక్కూసులు కడిగే వంతు పడేది. అందుకని చేతులు బాగానే లేచేవి.

నేను వాళ్ల సంఘం మనిషిని కాను. నాది కడప జిల్లా రాయచోటి, పేరు మస్తాన్ వలీ. కంపెనీ బస్సు తోలేవాణ్ని. మా డ్రైవర్ల గది వేరు, మా వంట వేరు. వాళ్ల గొడవల్లో నాకు ఓటు లేదు గానీ చెవులున్నాయి. నోరు కూడా ఉంది. దానివల్ల నేను ఏ దేశంలోనూ బాగుపడలేదు.

తొంభై ఒకటి జనవరిలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే రియాద్‌లో జనం మాస్కులు తగిలించుకునేవాళ్లు. మాకు మాత్రం తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోమన్నారు. పైన స్కడ్ క్షిపణులు పోతున్నా గోదాముల్లో మూటలు మోసే పని ఆగలేదు. ఒక పొద్దున ఒక్కడూ నా బస్సెక్కలేదు. మాస్కులిస్తేనే పనికొస్తామన్నారు. అందరినీ కూడగట్టింది ముగ్గురు. మర్నాడు తెల్లారేసరికి ఆ ముగ్గురి పేర్లూ ముదీర్ దగ్గరికి చేరాయి. ముదీర్ అంటే మా మేనేజర్. యుద్ధం ఆగి విమానాలు తిరగ్గానే ఆ ముగ్గురికీ పాస్‌పోర్టుల మీద ఖురూజ్ ముద్ర కొట్టి, మళ్లీ ఈ గడప తొక్కకుండా ఇళ్లకు తోలేశారు. వాళ్లలో ఒకడు, నా బస్సులోనే పనికి పోయే స్వామికి అన్న. ఇప్పుడు భీవండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు.

పేర్లు చెప్పిందెవరు? సదానందం అని మొండయ్య అందరి ముందూ అన్నాడు. సదానందం ఆఫీసులో చాయ్ పెట్టేవాడు. ఆ సాయంత్రం వాడు ముదీర్ గదిలోంచి తలదించుకుని రావడం కళ్లారా చూశానని మొండయ్య చెప్పాడు. చాయ్ పెట్టేవాడు ముదీర్ గదిలోంచి రాక మసీదులోంచి వస్తాడా? ఆ మాట ఎవరూ అడగలేదు. అంతకు నెల ముందు సదానందం, ఈసారి ప్రెసిడెంటుకు నేనూ నిలబడతానని అన్నాడు. ఆ సంగతీ ఎవరికీ గుర్తు రాలేదు.

వాడికి మాట బంద్ వేశారు. అంటే సంఘంలో ఎవరూ వాడితో మాట్లాడకూడదు, వాడితో తినకూడదు, వాడు పలకరిస్తే ఊ అనకూడదు. మొండయ్య వేసిన బంద్ మొండయ్యే తీయాలి. కొత్త ప్రెసిడెంటు వచ్చి పాత ప్రెసిడెంటు బంద్ తీయడం వాళ్లలో లేదు. సదానందాన్ని బంగ్లాదేశ్ వాళ్ల గదిలోకి మార్చారు. ఏడాదిన్నర దాటింది. వాడు స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో తనతో తానే మాట్లాడుకునేవాడు. నేను విన్నాను. వాళ్ల ఊరి సంగతులు, భార్య సంధ్య సంగతులు, అడగడం తనే, చెప్పడం తనే.

నేను వాడితో మాట్లాడేవాణ్ని. బస్సులో నా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రాయచోటి గొప్పలన్నీ చెప్పేవాణ్ని. నవ్వేవాడు. కానీ వాడికి కావలసింది నా మాట కాదు. నా మాట వాడి ఊరి మాట కాదు కదా.

తొంభై రెండు ఆగస్టులో మొండయ్యకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. ఇక సెలవు కాదు, పూర్తిగా ఇంటికే. స్వామిని తన తర్వాత ప్రెసిడెంటుగా చేతులెత్తించి మరీ ఖాయం చేశాడు. దాంతో బస్సులో ఒకటే చర్చ. పోయే ప్రెసిడెంటు సదానందాన్ని మాఫ్ చేసి పోవాలా, వద్దా?

"పోయేటోడు పోతున్నడు, ఇగ ఎందుకే కోపం? తీసి పోతే అయిపాయె" అన్నాడొకడు.

"గట్లయితే రేపు ఇంకొకడు పేర్లు చెప్తడు. మల్ల ఇంకో పెసిడెంటు మాఫ్ చేస్తడు. సంఘమెందుకు మరి?" అన్నాడు స్వామి.

"వాడు సగమైపోయిండు కదరా. పాపం."

"మా అన్న బతుకు ఆగమైనప్పుడు ఎవడన్నా పాపమన్నడా?"

ఈ మాటలన్నీ సదానందం తల మీదుగా పోయేవి. వాడు మా మధ్యనే కూర్చున్నాడని, వాడికీ చెవులున్నాయని ఒక్కడు గొంతు తగ్గించలేదు. చచ్చినవాడి గురించి మాట్లాడేటప్పుడైనా మనిషి కాస్త తగ్గుతాడు. అద్దంలో వాడి మొహం చూశాను. ఎవరు ఏ వైపు మాట్లాడుతున్నారో ఒక్కొక్కరినీ గుర్తు పెట్టుకుంటున్నాడు. ఆశ పడుతున్నాడు.

ఆగలేక మొండయ్య దగ్గరికి నేనే వెళ్లాను. మంచం మీద కూర్చుని లుంగీలు మడత పెట్టుకుంటున్నాడు.

"మొండన్నా, పోతా పోతా వాణ్ని వదిలేసి పోగూడదా? మాలో ఎవురన్నా దూరం పోయేటప్పుడు ఎదురొచ్చినోళ్లందర్నీ 'కహా సునా మాఫ్ కర్నా' అని అడుగుతారు. అన్నదీ విన్నదీ అంతా మన్నించమని. మనసులో ఏం పెట్టుకోకుండా పోతారప్పా."

ఆయన లుంగీ పక్కన పెట్టాడు. "అడిగేటోడు ఎవడు? పోయేటోడా, ఉండేటోడా?"

"ఎవురడిగినా ఒకటే."

"మంచిగ చెప్పినవ్ భాయ్. గట్లనే చేద్దాం" అన్నాడు. రాతిబండలో నీరు పుట్టించానని నన్ను చూసి నేనే మురిసిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో మొండయ్య కార్టన్ కట్టే పని పెట్టుకున్నారు. ఇంటికి పోయేవాడి అట్టపెట్టెకు నైలాన్ తాడు చుట్టి బిగించేటప్పుడు గదిలో ఉన్న ప్రతివాడూ తాడు మీద చెయ్యి వేసి లాగాలి. అది వాళ్ల మర్యాద. చెయ్యి వేయనివాడు ఆ మనిషికి పగవాడి కింద లెక్క. ఏడాదిన్నరగా ఎవరి కార్టన్ మీదా సదానందం చెయ్యి పడలేదు.

"సదానందం, ఇటు రా తమ్మీ" అని పిలిచాడు మొండయ్య.

వాడు గుమ్మం బయటే ఉన్నాడు. పిలుస్తారని తెలిసినవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పోతున్న. నిన్ను మాఫ్ చేసి పోదామనుకుంటున్న. జనం ముందట తప్పు ఒప్పుకో. మాట బంద్ తీసేస్త."

"నేను చెప్పలేదన్నా. నా మీద ఒట్టు" అన్నాడు సదానందం.

మొండయ్యకు కోపం రాలేదు. చాలా మెల్లగా అన్నాడు. "మంచిది బిడ్డా. తప్పు చెయ్యలేదంటే ఇగ మాఫ్ చేసుడెందుకు? నువ్వు పో. ఆఁ, తాడు పట్టుండ్రి."

అందరూ వాడికి వీపులు తిప్పి కార్టన్ చుట్టూ మూగారు. తాడు బిగుస్తుంటే అట్ట కిర్రుమంటోంది. ఒకడు ఏదో జోకు వేశాడు, అందరూ నవ్వారు. సదానందం ఆ వీపుల్ని చూస్తూ నిలబడ్డాడు. పొమ్మన్నా కాళ్లు రావడం లేదు. నేను గుమ్మం దగ్గర నుంచి చూస్తున్నాను.

"చెప్పిన" అన్నాడు.

తాడు ఆగింది. స్వామి ఒక్కడే ఇటు తిరిగాడు. "ఏం చెప్పినవ్? గట్టిగ చెప్పు."

"పేర్లు నేనే చెప్పిన."

"ఎవరెవరివి?"

వాడు మూడు పేర్లూ చెప్పాడు. స్వామి వాళ్ల అన్న పేరు చెప్పేటప్పుడు గొంతు తడబడితే, స్వామి ఆ పేరు మళ్లీ చెప్పించాడు. మూడోసారి కూడా చెప్పించాడు.

"మరి ముదీర్ ఏమిస్తనన్నడు నీకు?"

చెయ్యని తప్పుకు కూలి ఎంతో సదానందానికెలా తెలుస్తుంది? పరీక్షలో పాఠం మరిచిన పిల్లవాడిలా మొండయ్య వైపు చూశాడు. మొండయ్య వెంటనే అందించాడు. "నెలంత ఓవర్‌టైం ఇస్తనన్నడు గదా?"

"అవునన్నా. ఓవర్‌టైం ఇస్తనన్నడు."

"ఓవర్‌టైం కోసం!" అని ఎవరో తల కొట్టుకున్నారు. వాళ్లలో సగం మందికి ఇంతకాలం ఏ మూలో అనుమానం ఉండేది. ఇప్పుడు వాడి నోటితో విన్నాక ఆ మొహాలు తేటపడ్డాయి. అమాయకుణ్ని ఏడిపించామేమో అన్న బెంగ తీరిపోయింది. ఆ తేట మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండింది.

మొండయ్య లేచి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "మాఫ్ చేసిన. ఇగ మీరు గూడ మాఫ్ చేయుండ్రి. మనిషన్నంక తప్పు చేస్తడు." చప్పట్లు కొట్టారు. సదానందం పరుగున పోయి తాడు పట్టుకుని, అరిచేతులు ఎర్రబడేదాకా లాగాడు. భోజనాలయ్యాక గిన్నెలన్నీ వాణ్ని కడగమన్నారు. కడిగాడు. కడుగుతున్నంతసేపూ ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు, వాళ్లు జవాబు చెబుతుంటే వినడానికి.

మరునాడు మొండయ్యను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది నేనే. పికప్‌లో మేమిద్దరమే. ఊరు దాటాక నేను అడిగేశాను. "ఓవర్‌టైం ఇస్తానన్న సంగతి నీకెట్ల తెల్సు మొండన్నా?"

ఆయన దాచుకోలేదు. "నాకే ఇస్తనన్నడు గనుక" అన్నాడు.

నేను బండి పక్కకు తీసి ఆపాను.

"గట్ల చూడకు. ముదీర్ నన్ను పిలిచిండు. పేర్లు చెప్తవా, అందరికి ఖురూజ్ కొట్టాల్నా అన్నడు. ముగ్గురిని ఇచ్చి మిగిలినోళ్లను కాపాడిన. పెసిడెంటంటే గదే పని. ఓవర్‌టైం నేను తీసుకోలేదు గూడ."

"సరే, కాపాడినావు. దాన్ని తెచ్చి ఆ సదానందం నెత్తిన యెందుకు పెట్టినావు?"

"ఎవని నెత్తిననో పెట్టాలె గదా. వానికైతే చేతులు మస్తుగ లేస్తుండె ఆ యేడు."

"మరి నిన్న మాఫీ యెందుకు? వాణ్ని అట్లనే వదిలేసి పోయింటే పోయేది."

మొండయ్య నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, పని బాగా వచ్చినవాడి నవ్వు. "నీ మాట విన్నంకనే తెలిసింది భాయ్. వదిలేసి పోతే వాడు 'నేను కాదు, నేను కాదు' అనుకుంటనే ఉంటడు. ఎన్నడో ఎవడో నమ్ముతడు. నా ఇంటి మీదికొస్తరు. ఇప్పుడు మాఫ్ చేసిన. వాడు తీసుకున్నడు. ఇగ కాదని ఎవనికి చెప్తడు?"

ఎయిర్‌పోర్టులో కార్టన్ దించి ట్రాలీలో పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, నేను నేర్పిన మాటే నాకు చెప్పాడు. "కహా సునా మాఫ్ కర్నా భాయ్."

"నేను చెయ్యను" అన్నాను.

"నీ ఇష్టం" అని ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పని నుంచి అందరూ వచ్చి మెస్‌లో కూర్చున్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పోయి, బండిలో జరిగిందంతా స్వామి ముందు పెట్టాను. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట కలపలేదు. "పేర్లు చెప్పింది మీ పెసిడెంటప్పా. మీరు ఇన్ని దినాలు నిజం చెప్పేవాణ్ని ఏడిపించినారు" అన్నాను.

ఎవరూ ముద్ద ఎత్తలేదు. స్వామి మొహం పాలిపోయింది. ఆ క్షణాన వాడు నమ్మాడు, ఆ సంగతి నాకు తెలుసు. నెమ్మదిగా సదానందం వైపు తిరిగాడు. సదానందం వాళ్ల మధ్య, వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఏమంటవ్? మస్తాన్ భాయ్ చెప్పేది నిజమేనా?"

ఒక్క అవును చాలు. నేను వాడి కళ్లలోకి చూశాను. వాడు నన్ను చూడలేదు. చుట్టూ ఉన్న మొహాలను చూశాడు. ఆ మొహాల్లో సిగ్గు మొదలవుతోంది. తను నిర్దోషి అయితే వీళ్లందరూ దోషులవుతారు. అట్లాంటి మనిషితో ఎవరు కలిసి తింటారు? నాకంటే ముందు అది వాడికి అర్థమైంది.

"మొండన్నంటే భాయ్‌కి మొదటి సంది పడది" అన్నాడు సదానందం. "చెప్పింది నేనే. ఓవర్‌టైం ఒక్కటే కాదు స్వామన్నా, ఫోర్‌మన్ చేస్తనని గూడ అన్నడు. నిన్న సిగ్గయి చెప్పలే."

మెస్ అంతా ఊపిరి పీల్చుకుంది. "ఫోర్‌మనట, ఫోర్‌మన్" అంటూ నవ్వారు. స్వామి నా వైపు తిరిగి, "విన్నవు గదా డ్రైవరూ. మా సంఘం సంగతి మాకు తెలుసు. నువ్వు బస్సు నడుపుకో" అన్నాడు. అంతవరకూ నన్ను డ్రైవరూ అని పిలిచినవాడు ఆ క్యాంపులో లేడు.

నేను బయటికొచ్చి బస్సు దగ్గర నిలబడ్డాను. వాడి మీద కోపం, నా మీద కోపం, అప్పటికి విమానంలో కాళ్లు చాపుకున్నవాడి మీద కోపం. కాసేపటికి సదానందం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"యెందుకు చేసినావురా ఆ పని? వాళ్లు నమ్మినారు. స్వామి నమ్మినాడు" అన్నాను.

"ఒక్క పూట నమ్ముతరు భాయ్. తెల్లారితే నన్ను చూసినప్పుడల్ల వాళ్లకు మొహం చెల్లది. మల్ల నాతోని ఎవరు మాట్లాడుతరు?" వాడు వెనక్కి తిరిగి మెస్ వైపు ఒకసారి చూసుకున్నాడు. "నీకు దండం పెడుత. ఇగ నువ్వు నాతోని మాట్లాడకు. నువ్వు మాట్లాడితే వాళ్లకు నువ్వు చెప్పింది యాదికొస్తది."

ఆ ఏడాదిన్నరా వాడితో మాట్లాడిన మనిషిని నేను.

"పేర్లోడా! ఏడ సచ్చినవ్ రా? గిన్నెలెవడు కడుగుతడు?" అని లోపలి నుంచి కేక వచ్చింది. పేర్లు చెప్పినవాడని అప్పుడే పేరు పెట్టేశారు.

"వస్తున్ననే" అని పలికాడు సదానందం. ఆ గొంతులో సంతోషం నా చెవులతో విన్నాను. వాడు పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లాడు.