ఘటన స్థలంలో లేనివాళ్ళు

అత్యవసర సేవల ఉద్యోగుల సంఘం కార్యదర్శి పూర్వాశ్రమంలో అంబులెన్సు డ్రైవరు. పనిలో మనసుకు తగిలిన దెబ్బకూ నష్టపరిహారం ఇవ్వాలని ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, ఎట్టకేలకు చట్టం మార్పించాడు. ఆ రోజు కుర్రాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకుంటే, "దింపండ్రా, నడుం పట్టేస్తుంది" అని నవ్వాడు గానీ, మనసులో తేలు కుట్టిన దొంగలాగే ఉన్నాడు.

అంతకుముందు, చట్టం ముసాయిదా మీద జరిగిన ఆఖరి సమావేశంలో ప్రభుత్వ కమిటీ పెద్ద ఆయన్ని పక్కకు పిలిచాడు. "మీ జాబితా చాంతాడంత ఉందయ్యా. ఘటన స్థలంలో ఉన్నవాళ్ళకే అంటే ఇవాళే తేలిపోతుంది. ఫోన్లో విన్నవాళ్ళక్కూడా అంటే ఇంకో రెండేళ్ళు."

కొందరికైనా రానీ, మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. జాబితాలోంచి అత్యవసర ఫోన్ల గదిని తన పెన్నుతోనే కొట్టేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చట్టం వచ్చిన నాలుగు నెలలకు ఆ గది నుంచి నిదానమ్మ వచ్చింది. అవతల కొంప అంటుకుంటున్నా "నిదానంగా చెప్పండి" అంటుందని ఆమెకు ఆ పేరు. పద్నాలుగేళ్ళు వైర్‌లెస్‌లో ఆయనకు దారి చెప్పిన గొంతు ఆమెదే.

"నా దరఖాస్తు తిప్పి పంపారన్నయ్యా. నేను ఘటన స్థలంలో లేనంట" అంది కాగితం చాపుతూ.

కాలవలో పడిన కారులోంచి ఒకావిడ ఫోన్ చేసింది. తొమ్మిది నిమిషాలు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయంది, ఛాతీకొచ్చాయంది. ఈమె అద్దం పగలగొట్టమని చెబుతూనే ఉంది. తర్వాత నీళ్ళ చప్పుడొక్కటే. అప్పట్నుంచి ఇంట్లో కుళాయి తిప్పితే చాలు, నిదానమ్మ ఉన్నచోటే కూలబడిపోతోంది. ఆమె బయటికెళ్ళినప్పుడు చూసి భర్త బిందెలు నింపుతున్నాడు.

"నేను లేకపోవడమేంటన్నయ్యా? ఆవిడ పక్కన నేను తప్ప ఇంకెవరున్నారు?"

"ఆ అధికారులకు బుద్ధి లేదమ్మా" అన్నాడు. మాట నోరు దాటగానే తనమీద తనకే అసహ్యం వేసింది.

"పోన్లెండి, మీరున్నారుగా" అంది ఆమె.

అది పుండు మీద కారంలా తగిలింది. ఇక ఆగలేకపోయాడు. "వాళ్ళ తప్పేం లేదు. మీ గదిని కొట్టేసింది నేనే."

"తెలిసే చేశారా?" అంది ఆమె.

"తెలిసే."

"ముందే అడిగుంటే మేమే సరేననేవాళ్ళమేమో. అడగలేదు" అంటూ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "వస్తాను సార్."

పద్నాలుగేళ్ళ అన్నయ్య ఒక్క మాటతో సారయిపోయాడు.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో ఆయన జరిగిందంతా చెప్పి పదవి వదిలేశాడు. "చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అని స్నేహితులు విసుక్కున్నారు. నిదానమ్మ అప్పీలుకు తన వాంగ్మూలం రాసిచ్చాడు. చట్టంలో లేనిది ఇవ్వలేమని అదీ కొట్టేశారు. చట్టాన్ని సవరించాలని మళ్ళీ మొదట్నుంచీ సంతకాలు సేకరించాడు. ఈసారి ఏ మార్పు చేసినా ముందు ఫోన్ల గదికెళ్ళి అందరికీ చదివి వినిపించాడు. అప్పటికి నిదానమ్మను ఫోన్లు మోగని రికార్డుల విభాగానికి మార్చారు.

మూడో ఏట సవరణ వచ్చింది. విన్నవాళ్ళూ చేరారు. కానీ ఇక ముందు జరిగే ఘటనలకే.

ఆ మాట మరొకరి ద్వారా తెలియకూడదని తనే ఆమె ఇంటికెళ్ళి చెప్పాడు.

"కొత్తగా చేరిన పిల్లలకి వస్తుందిగా?" అంది గుమ్మంలోనే నిలబడి.

"వస్తుందమ్మా."

తలూపింది. లోపలికి రమ్మనలేదు. మూడంతస్తుల మెట్లు దిగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.