నడిమి సీటు

నరసింహులు పికప్ కొన్న కొత్తలో దాన్ని చూడడానికి వచ్చిన చుట్టాలు ముందు చక్రాలు చూశారు, వెనక తొట్టి చూశారు, చివరికి క్యాబిన్‌లోకి తొంగిచూసి "టేపు కూడా ఉండాదే!" అని ఆశ్చర్యపోయారు. ఆ టేపు కంపెనీ నుంచి బండితోపాటే వచ్చింది. క్యాసెట్టూ వేసుకోవచ్చు, రేడియో కూడా పెట్టుకోవచ్చు. దానికి ఉన్నది ఒకే ఒక స్పీకరు. అదీ డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో దాక్కుని, జలుబు చేసిన మనిషి గొంతుతో పాడేది.

ఏడాది తిరిగేసరికి ఆ జలుబు కూడా ముదిరింది. గతుకు తగిలితే పాట ఆగిపోయేది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద, టేపుకు జానెడు ఎడంగా, అరచేత్తో ఒక్క చరుపు చరచాలి. గట్టిగా కొడితే పలకదు, మెల్లగా తట్టినా పలకదు. నరసింహులు ఎన్నిసార్లు కొట్టినా చెయ్యి నొప్పి పుట్టేదే తప్ప పాట వచ్చేది కాదు. భార్య నీలావతి కొడితే మాత్రం, పాట ఏ మాట దగ్గర ఆగిందో ఆ మాట దగ్గరే మళ్లీ అందుకునేది.

"నీ చేతికి భయపడతాదే ఇది," అనేవాడు నరసింహులు.

"ఇంట్లో ఇంకెవరూ భయపడరు గదా, ఇదన్నా పడనీ," అనేది నీలావతి.

ఆమెది ధర్మవరం. పుట్టిల్లు మగ్గాల ఇల్లు. గోడకున్న చెక్క పలక మీద రేడియో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉండేది. మగ్గం చప్పుడులోంచి పాటను విడదీసి వినడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది. బి.ఏ. పరీక్షలకు కూడా ఆ రెండు చప్పుళ్ల మధ్యే చదివింది. తొంభై అయిదులో పెళ్లయి పెనుకొండ వచ్చాక ఆమెకు చిక్కనిది నిశ్శబ్దం కాదు, మాట. అత్తామామలు, మరిది, తోడికోడలు, వాళ్ల పిల్లలు, మూడు గదులు. మొగుడితో ఒక మాట అనాలంటే ఆ మాట నలుగురి చెవుల్లోంచి దూరి వెళ్లాలి. అందుకే చాలా మాటలు ఆమె నోట్లోనే ఉండిపోయేవి.

పికప్ వచ్చాకే వాటికి చోటు దొరికింది.

చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచేవాళ్ల గూళ్లను నరసింహులు హిందూపురం మార్కెట్టుకు చేర్చేవాడు. అక్కణ్ణుంచి పట్టునూలు మూటలు ఎక్కించుకుని ధర్మవరం మగ్గాలవాళ్లకు దింపేవాడు. నెలకు ఒకటి రెండుసార్లు, పుట్టింటికి పోయి వస్తానన్న సాకుతో నీలావతి కూడా ఎక్కేది. ముందు సీటు ముగ్గురికి సరిపోతుంది. స్టీరింగు దగ్గర నరసింహులు, కిటికీ పక్కన సరుకు తాలూకు రైతు, నడుమ, సరిగ్గా టేపుకు ఎదురుగా, నీలావతి. హిందూపురంలో రైతు దిగిపోయినా ఆమె కిటికీ పక్కకు జరిగేది కాదు. ధర్మవరం దాకా ఆ నడిమి సీటులోనే. తోడికోడలు అన్న మాట, తమ పాప బడి సంగతి, తనకు మళ్లీ చదువుకోవాలని ఉన్న సంగతి అన్నీ ఆ దారిలోనే చెప్పింది. పెనుకొండ కొండ చాటుకు వచ్చేసరికి రేడియో గరగరలాడి ఆగిపోయేది. కొండ దాటాక ఆమె ఒక్కటి చరిచేది. ప్రపంచంలో తనకంటూ ఉన్న చోటు ఏదంటే నీలావతి ఇల్లు చెప్పేది కాదు, ఆ రెక్సిన్ సీటు చెప్పేది.

అయినా రెండువేల నాలుగులో ఒకరోజు నోరు జారింది ఆమే. చెన్నేకొత్తపల్లి దగ్గర రేడియోలో నాటకం వస్తోంది. కథ ముగింపుకు వచ్చేసరికి గతుకు మీద గతుకు. ఎన్ని చరుపులు చరిచినా టేపు ఉలకలేదు.

"ఏమయ్యా, ఒక మంచి టేపు పెట్టించరాదా? చివర ఏమైందో తెలీకుండా పోయె!" అంది.

మూడు వారాలకు నరసింహులు హిందూపురం నుంచి వచ్చి, వీధి చివరినుంచే హారన్ కొట్టాడు. ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు. డ్యాష్‌బోర్డులో నీలంగా మెరిసే కొత్త సెట్టు, రెండు తలుపులకూ గుండ్రటి స్పీకర్లు. నడిమి సీటులో, బెల్టులతో బిగించి, నల్ల తివాచీ గుడ్డ కప్పిన పెద్ద చెక్కపెట్టె. దాని ముఖాన అన్నం పళ్లెమంత స్పీకరు.

"సీటు వెనకాల పట్టలే," అన్నాడు నరసింహులు, పెట్టె మీద చెయ్యి వేసి. "షాపాయన ఈడ పెడితేనే దెబ్బ బాగుంటాదన్యాడు. విను, నీలా."

మీట తిప్పాడు. ఇంటి ముందు రేకులు వణికాయి. పిల్లలు గంతులేశారు. అత్తగారు చెవులు మూసుకుని, "ఏందబ్బా ఇది, బండెక్కిన జాతరా?" అంది. మరిది ఈల వేశాడు.

నీలావతి పెట్టె వైపు చూసింది. ఆయన ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. నీ కోసమే అని నోటితో అనకపోయినా అదే అంటున్న ముఖం.

"బాగుండాది," అంది. అనక ఏం చేస్తుంది? అడిగింది తనే.

"నేను యాడ కూర్చోవాల?" అని మాత్రం రాత్రి భోజనాల దగ్గర అడిగింది, అందరి చెవులూ దాటించి.

"పోయేటప్పుడు బస్సులో రా. వచ్చేటప్పుడు కిటికీ పక్కన ఖాళీనే గదా."

పెట్టెకు అవతల. ఆ మాట ఆయన అనలేదు, ఆమెకు వినిపించింది.

ఆ తరవాతి వారమే హనుమంతరాయుడి గూళ్లు వచ్చాయి. రాయుడు కర్ణాటక సరిహద్దులోని రొళ్ల వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు, మాటకు రెండు మాటలు కన్నడం కలిపేవాడు. నరసింహులు బండి కొన్నప్పుడు మొదటి బాడుగ ఇచ్చింది ఆయనే. ఆయన ఏ బండికి గూళ్లు వేస్తే ఆ ఊరంతా ఆ బండికే వేసేది. గూళ్ల సంచులు మెత్తగా సర్ది, పైన తడిగుడ్డ కప్పించి, కిటికీ పక్కన కూర్చున్నాడు. పెట్టెను చూసి, "ఈయప్పెవరప్పా నడుమ?" అని నవ్వాడు. నీలావతి చేతిసంచితో బస్టాండు వైపు నడిచింది.

బస్సు సోమందేపల్లిలో చాలాసేపు ఆగింది. ఆమె హిందూపురం గూళ్ల మార్కెట్టుకు చేరేసరికి వేలం మొదలు కాబోతోంది. ట్రేలలో గూళ్లు పోసి ఉన్నాయి, తెల్లగా, లేతపసుపుగా. గూళ్లనుంచి నూలు తీసే రీలర్లు వాటిని చేతుల్లోకి తీసుకుని బరువు చూస్తున్నారు, చెవి దగ్గర పెట్టి ఆడిస్తున్నారు. లోపల పురుగు బాగుంటే గూడు చిన్న గిలక్కాయలా గలగలమంటుంది. చచ్చిన పురుగైతే గూటికి అంటుకుని మూగబోతుంది. ఆ గూడును ఎవరూ మంచి ధరకు కొనరు.

హనుమంతరాయుడు తన ట్రే ముందు తలపట్టుకుని కూర్చున్నాడు. నరసింహులు పక్కన నిలబడి ఉన్నాడు, ముఖం పాలిపోయి.

"ఏమైంది?" అంది నీలావతి.

నరసింహులు "ఆఁ?" అన్నాడు. ఆమె మళ్లీ, గట్టిగా అడగాల్సి వచ్చింది.

"అన్నీ సచ్చినాయమ్మా," అన్నాడు రాయుడు, చుట్టూ పదిమంది తిరిగి చూసేంత పెద్దగా. "ఒగటీ మోగలే. పొద్దున ఇంటికాడ ఆడిస్తే గలగలమన్యాయి. నీ మొగుని పెట్టె దారి పొడుగునా దబదబ గుద్ది నా పురుగులన్నీ సంపేసింది. ఇంగ వేలమెందుకు? ఆడ నిలబడుకోనుండాడే, ఆ సేటుకు వచ్చిన దుడ్లకు ఇచ్చేసి పోతా."

"నేనూ చూసినా నీలా," అన్నాడు నరసింహులు. "నిజంగానే మోగలే. ఎన్ని ఆడించినా అంతే."

నీలావతి సంచి కింద పెట్టింది. ట్రేలోంచి ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించింది. గలగల. ఇంకొకటి తీసింది. గలగల. అడుగునుంచి తీసినవి కూడా అంతే.

"మోగుతాండాయి గదా మామా!"

"నన్ను ఓదార్చొద్దు తల్లీ."

ఆమె రాయుడి చెవి పక్కన తన గాజుల చెయ్యి మెల్లగా ఆడించింది. "ఇది వినపడతాందా?"

రాయుడు తల అటూ ఇటూ తిప్పాడు. "యాడో దూరంగా... ఆ పెట్టె దబదబే ఇంకా గుయ్యిమంటాందమ్మా లోపల."

పక్క ట్రే దగ్గరున్న రీలరు రంగప్ప ఇదంతా చూస్తున్నాడు. వచ్చి నాలుగు గూళ్లు తీసుకుని ఆడించాడు. ఒకదాన్ని బ్లేడుతో కోసి అరచేతిలో దులిపాడు. ముదురు తేనెరంగు పురుగు బయటపడి తోక కదిపింది.

"ఏమబ్బా రాయుడూ! పురుగులు బతికేవుండాయి, మీ చెవులే సచ్చినాయి!" అన్నాడు రంగప్ప. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. "పట్టునంతా చెవుల్లో పెట్టుకోనొచ్చినారా ఏంది ఇద్దరూ?"

రాయుడు ఆ పురుగును రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత ఆయన కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. వేలంలో గూళ్లకు మంచి ధరే పలికింది. వెళ్లేటప్పుడు నరసింహులు భుజం తట్టి, "పెట్టె ఉండనీలే అప్పా. మోజు పడి పెట్టుకున్యావు. నేనెక్కినప్పుడు మాత్రం నోరు మూయించు," అన్నాడు.

బాడుగ పోలేదు. పెట్టె కూడా పోనక్కరలేదు. నీలావతి అది విని సంచి చేతికి తీసుకుంది.

నూలు మూటలు ఎక్కించడం అయ్యాక కిటికీ వైపు తలుపు తెరిచింది. ఎండకు పెట్టె నల్లగుడ్డ వేడెక్కి వాసన వేస్తోంది. దాని అవతల ఆయన భుజం, చెవి మాత్రమే కనిపిస్తాయి.

"బస్సుకే పోతాలే," అంది.

"ఎందుకు? సీటుండాదే."

"ఉండాది," అంది నీలావతి. "అది నాది కాదు."

కోపంగా అనలేదు. చీర ధర చెప్పినట్టు చెప్పింది. నరసింహులుకు ఇంకా చెవులు సరిగ్గా లేవు. అయినా ఆ మాట ఆమె పెదవుల మీద చదువుకున్నాడేమో, పెట్టె వైపు చూశాడు, ఖాళీ కిటికీ వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. మూడేళ్లుగా కిటికీ పక్క ఖాళీ అయినా ఆమె ఎందుకు జరిగేది కాదో అప్పుడు తట్టినట్టుంది.

బెల్టులు విప్పాడు. తీగలు ఊడదీశాడు. పెట్టెను పొట్టకు ఆనించుకుని దించి, వెనక నూలు మూటల మధ్య పెట్టి పట్టా కప్పాడు. భుజం మీది తువ్వాలుతో నడిమి సీటు తుడిచాడు. ఒకసారి చాలదన్నట్టు రెండోసారి కూడా తుడిచాడు.

"ఎక్కు నీలా."

తీగలు ఊడదీయడంతో తలుపుల్లో స్పీకర్లు కూడా మూగబోయాయి. ఆ రోజు ధర్మవరం దాకా బండిలో పాట లేదు. కొండ చాటు వచ్చింది, పోయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర నరసింహులు ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ నాటకంలో చివర ఏమైంటాదంటావు?"

నీలావతి పుట్టింటికి చేరేదాకా చెప్పింది, తనకు తోచినట్టు. ఆయనకు సగమే వినపడిందని తెలుసు. అయినా తల ఊపుతూనే ఉన్నాడు.

పెట్టెను వినాయక చవితికి పందిరి వేసే కుర్రాళ్లు అడిగి తీసుకుపోయారు. కొత్త సెట్టు షాపుకు వెళ్లింది, తలుపుల స్పీకర్లతో సహా. పాత టేపు వెనక్కొచ్చింది, అదే జలుబుతో.

రెండువేల తొమ్మిదిలో పికప్ అమ్మేశారు. కొనడానికి వచ్చిన బత్తలపల్లి ఆయన క్యాబిన్ అంతా వెతికి వెతికి చూశాడు. డ్యాష్‌బోర్డు అంతా గరుకుగా, బూడిదరంగులో ఉంది. టేపుకు జానెడు ఎడంగా మాత్రం అరచేయంత మేర అద్దంలా నునుపు తేలింది.

"ఈడ ఏం పెట్టేవాళ్లప్పా?" అని అడిగాడు.

నరసింహులు నీలావతి వైపు చూశాడు. ఆమె గుమ్మంలోంచి దిగి వచ్చింది. తలుపు తెరిచి, నడిమి సీటులో కూర్చుని, టేపు పెట్టి, ఆ నునుపు మీద ఒక్కటి చరిచింది.

"ఇట్లా," అంది.

పాట అందుకుంది.